మూడో వారంలో బరువు ఆగిపోయిందంటే

మొదటి వారం 2 కిలోలు తగ్గి, మూడో వారంలో బరువు ఆగిపోయిందని అడిగారు కదా. ఆ 2 కిలోల్లో ఎక్కువ భాగం నీరే అయ్యుంటుంది, అందుకే ఇప్పుడు ముల్లు ఆగినట్టుంది. పైగా మీ చెల్లి పెళ్లిలోపు 6 వారాల్లో 8 కిలోలు తగ్గాలని, తగ్గితేనే పట్టుచీర అని షరతు పెట్టుకున్నారు. ఆ లెక్కే టెన్షన్ పెడుతోంది.

1. లక్ష్యం 4 కిలోలకు దించండి. కిలో కొవ్వంటే దాదాపు 7,700 కేలరీలు. వారానికి అరకిలో తగ్గినా మంచి వేగమే.

2. రోజూ పొద్దున్నే, ఏమీ తినకముందు బరువు చూసి, వారం సగటు రాసుకోండి. రాత్రి ఆవకాయతో నాలుగు ముద్దలు ఎక్కువైతే తెల్లారేసరికి కిలో పెరిగినట్టు చూపించొచ్చు. అది ఉప్పు పట్టి ఉంచిన నీరు, కొవ్వు కాదు. నెలసరి ముందూ అంతే.

3. అందరూ వదిలేసేది ఇదే: చీరను ముల్లుకు కాదు, పనికి ముడిపెట్టండి. మిగిలిన 21 రోజుల్లో 18 రోజులు 45 నిమిషాల నడక, రాత్రి ఒక్క కప్పు అన్నం. వంటింటి క్యాలెండర్ మీద పెన్నుతో టిక్ పెట్టండి. 18 టిక్కులు పడితే బరువెంతున్నా చీర మీదే. ముల్లు మన మాట వినదు, కాళ్లు వింటాయి.

4. జాకెట్టు ఇప్పుడే బిగుతుగా కుట్టించకండి (నేను చేసిన తప్పు). పెళ్లికి వారం ముందు కొలతలివ్వండి.

షుగర్, థైరాయిడ్ మందులు వాడుతుంటే తిండి తగ్గించేముందు డాక్టర్‌ని అడగండి.