రోజూ అప్లై చేస్తున్నా పిలుపు రావడం లేదా?

ప్రశ్న: బీకాం పూర్తయింది. అకౌంట్స్ ఉద్యోగం కోసం రోజూ జాబ్ పోర్టళ్లలో అప్లై చేస్తూనే ఉన్నాను. నెలలు గడుస్తున్నా ఒక్క ఇంటర్వ్యూకి కూడా పిలవలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఇంటర్నెట్‌లో వెతకడం నాకు సరిగ్గా రావడం లేదా?
- ఒక విద్యార్థిని

జవాబు: మీరు కష్టపడుతున్నారు, అందులో సందేహం లేదు. కానీ ఆ కష్టమంతా అప్లై బటన్ దగ్గరే ఖర్చయిపోతోంది. ఆ బటన్ మీకెంత తేలికో మిగతా అందరికీ అంతే తేలిక. ఒక్కో ఉద్యోగానికి కుప్పలుగా వచ్చే అప్లికేషన్లలో మీది కలిసిపోతోంది. రోజుకు ఎన్ని పంపాలన్న లెక్క కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఎవరికి మనిషి అవసరం ఉంది, వాళ్లు ఏ పని వచ్చినవాళ్ల కోసం చూస్తున్నారు, అక్కడ ఇప్పటికే ఎవరు పనిచేస్తున్నారు అన్నవి తెలుసుకోవడానికి ఇంటర్నెట్‌ను వాడండి.

ముందు వెతికే మాటలు మార్చండి. ఒకే పనిని ఒక్కో సంస్థ ఒక్కో పేరుతో పిలుస్తుంది. ‘అకౌంటెంట్’ అని మాత్రమే కొడితే అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్, ఫైనాన్స్ అసోసియేట్, అకౌంట్స్ పేయబుల్ లాంటి పేర్లతో వచ్చే ప్రకటనలు చాలావరకు మీ కంట పడవు. గూగుల్‌లో మాటలను డబుల్ కోట్స్ మధ్య పెడితే అవి అదే వరుసలో ఉన్న పేజీలు వస్తాయి. అక్కర్లేని మాటకు ముందు ఖాళీ వదలకుండా మైనస్ గుర్తు పెడితే ఆ మాట ఉన్న పేజీలు తప్పుకుంటాయి. ‘సీనియర్’ అన్న మాటతో ఒకసారి చేసి చూడండి. పోర్టల్‌లో అయితే తేదీ ఫిల్టర్ పెట్టి కొత్త ప్రకటనలే చూడండి, జాబ్ అలర్ట్ పెట్టుకోండి.

చాలా పోర్టళ్లు వేరేచోట వచ్చిన ప్రకటనలను తెచ్చి పెడుతుంటాయి. అసలు ఉద్యోగం భర్తీ అయిపోయినా ప్రకటన అక్కడే ఉండిపోవచ్చు. ప్రకటన నచ్చితే ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లోని కెరీర్స్ పేజీకి వెళ్లి, ఉద్యోగం ఇంకా ఉందో లేదో చూసి, వీలైతే అక్కడే అప్లై చేయండి.

రెజ్యూమె సంగతి. చాలా సంస్థల్లో దాన్ని మనిషికన్నా ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. మీ పీడీఎఫ్‌లోని అక్షరాలన్నీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. వరుస తప్పినా, మాటలు మాయమైనా ఆ డిజైన్ మీకు నష్టమే. రెండు కాలమ్‌లు, బొమ్మలు, టేబుళ్లు తీసేసి సాదాగా రాయండి. ప్రకటనలో అడిగిన నైపుణ్యం మీకు నిజంగా ఉంటే, దాన్ని వాళ్లు రాసిన మాటల్లోనే రాయండి.

ఇక నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది మనుషులతో పరిచయాలను. 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త, ఉద్యోగ సమాచారం దగ్గరి స్నేహితులకన్నా అంతంతమాత్రం పరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఎక్కువగా అందుతుందని చెప్పారు. 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ఉద్యోగ సంబంధిత పరిచయాల సైట్ అయిన లింక్డ్‌ఇన్ వాడుకరులు సుమారు రెండు కోట్లమంది సమాచారాన్ని పరిశీలించింది. మరీ దగ్గరివాళ్లకన్నా కొద్దిపాటి పరిచయం ఉన్నవాళ్లే ఉద్యోగం మారడానికి ఎక్కువ తోడ్పడుతున్నారని అందులో తేలింది. కారణం కూడా అర్థమయ్యేదే. మీ దగ్గరి స్నేహితులకు తెలిసినవి చాలావరకు మీకూ తెలిసే ఉంటాయి. కొత్త కబురు రావాలంటే వేరే చోట తిరిగే మనిషి కావాలి.

కాబట్టి మీ కాలేజీ పేరుతో లింక్డ్‌ఇన్‌లో వెతికి, అకౌంట్స్‌లో పనిచేస్తున్న సీనియర్లను పట్టుకోండి. మొదటి మెసేజ్‌లోనే ఉద్యోగం అడగొద్దు, రెజ్యూమె అంటించొద్దు. ‘నమస్కారం. నేను మీ కాలేజీలోనే బీకాం చేశాను. మీ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ముందుగా ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మంచిది? వీలున్నప్పుడు చెప్పగలరా?’ ఇంత చాలు. కొందరు జవాబివ్వరు, బాధపడకండి. ఇచ్చినవాళ్లు చెప్పింది నేర్చుకుని, నేర్చుకున్నానని మళ్లీ రాయండి. ఖాళీ వచ్చినప్పుడు మీ పేరు వాళ్లకు గుర్తొచ్చేది అప్పుడే.

ఒక్క విషయంలో మాత్రం ఏ మొహమాటమూ వద్దు. రిజిస్ట్రేషన్, ట్రైనింగ్, ల్యాప్‌టాప్ డిపాజిట్ అంటూ ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. ఇంటర్వ్యూ కూడా లేకుండా ఆఫర్ లెటర్ వస్తే సంతోషపడకుండా అనుమానించండి. మెయిల్ ఐడీలో ఎట్ గుర్తు తర్వాతి భాగం ఆ సంస్థ వెబ్‌సైట్ పేరుతో అక్షరం అక్షరం సరిపోవాలి. వాళ్లు పంపిన లింకు నొక్కకుండా, సంస్థ వెబ్‌సైట్‌ను మీరే వెతికి తెరిచి సరిచూసుకోండి.

అప్లై చేసిన ప్రతిసారీ ఆ ప్రకటనను పీడీఎఫ్‌గా దాచుకోండి. సంస్థ పేరు, తేదీ, ఏ రెజ్యూమె పంపారో ఒక షీట్‌లో రాసుకోండి. ఇంటర్వ్యూకి పిలిచే సమయానికి ఆ ప్రకటన సైట్‌లోంచి తీసేసి ఉండొచ్చు. వాళ్లు ఏమేం అడిగారో చూసి తయారవడానికి మీ దగ్గరున్న ఆ కాపీయే పనికొస్తుంది.