ఎనిమిదో కుర్రాడికి నవంబర్‌లోనే ఛాన్స్ ఇవ్వాలి

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో మొదటి ఏడాది కుర్రాళ్లకు ఎక్కువసేపు ఆడే ఛాన్స్ ఎప్పుడివ్వాలని అడిగారు. నన్నడిగితే, డిఫెన్స్‌లో తను ఎవర్ని కాయాలో కుర్రాడికి తెలిసిన రోజు నుంచే. పాయింట్లు అవే వస్తాయి.

2015 ఏప్రిల్ 6. నేను అమెరికాలో, నార్త్ కరోలినాలోని రాలీలో ఎమ్మెస్ చేస్తున్నాను. డ్యూక్, విస్కాన్సిన్ యూనివర్సిటీల మధ్య కాలేజీ బాస్కెట్‌బాల్ జాతీయ ఫైనల్. డ్యూక్ ఉండే డర్హమ్ మాకు అరగంట దూరమే, కానీ రాలీలో చాలామందికి డ్యూక్ అంటే పడదు. నా రూమ్మేట్లు ముగ్గురికీ క్రికెట్ తప్ప ఏ ఆటా ఎక్కదు. పైగా సోమవారం రాత్రి తొమ్మిది దాటాక మొదలైంది. మర్నాడు క్లాసులున్నవాళ్ల ఆటని ఆ టైముకి పెట్టాలన్న ఐడియా ఎవరిదో!

రెండో హాఫ్‌లో డ్యూక్ 39-48తో వెనకబడింది. స్టార్ సెంటర్ ఓకఫర్‌ను ఫౌల్స్ వెంటాడుతున్నాయి. అప్పుడు డ్యూక్ మొదటి ఏడాది కుర్రాడు గ్రేసన్ అలెన్ అందుకున్నాడు. సీజన్ మొత్తం సగటున తొమ్మిది నిమిషాలు ఆడినవాడు, వరసగా ఎనిమిది పాయింట్లు కొట్టాడు. సౌండ్ తగ్గించమని కసిరేందుకు వచ్చిన రూమ్మేట్, పెరుగన్నం ప్లేటుతో అలాగే నిలబడిపోయాడు. "ఎవడ్రా వీడు?" అన్నాడు. డ్యూక్ 68-63తో గెలిచింది. ఆ 68లో 60 మొదటి ఏడాది వాళ్లవే, అందులో అలెన్‌వి 16.

ఓకఫర్ కూడా మొదటి ఏడాదివాడే కదా అంటారేమో. అలాంటివాళ్లు ఎలాగూ మొదటి రోజు నుంచే ఆడతారు. గొడవంతా ఎనిమిదో కుర్రాడి గురించే, అంటే కోర్టులో ఐదుగురే ఆడే ఆటలో బెంచ్ చివర మిగిలే అలెన్‌లాంటివాడి గురించి. జనవరిలో ఒకర్ని జట్టు నుంచి తీసేశాక డ్యూక్‌కు స్కాలర్‌షిప్ ఆటగాళ్లు ఎనిమిది మందే మిగిలారు. కోచ్ షెషెవ్‌స్కీకి అది ఐదో టైటిల్, ఆయన్ని తప్పుపట్టేంతవాణ్ని కాను. కానీ బెంచ్ ఖాళీ అవకపోతే అలెన్ ఆ రాత్రి కూడా చప్పట్లు కొడుతూ కూర్చునేవాడని నా గట్టి నమ్మకం. మరుసటి ఏడాది అతని సగటు 21 పాయింట్లు దాటింది.

నేనూ ఇంజనీరింగ్‌లో, మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో రెండేళ్లు బెంచ్ మీదే ఉన్నాను. సీనియర్లకు బంతులందించడమే నా పని. మూడో ఏడాది ఓ నాకౌట్ మ్యాచ్‌లో, ఆఖరి నాలుగు నిమిషాలకు దించారు. చేతులు వణికి మొదటి పాసే అవతలి జట్టుకిచ్చాను. "చూశావా, అందుకే నిన్ను దించలేదు" అన్నారు మా సారు. రెండేళ్లలో పది మామూలు మ్యాచ్‌లు ఆడనిచ్చుంటే ఆ వణుకేదో అక్కడే పోయేది కదా!

మ్యాచ్‌లో 40 నిమిషాలు, ఐదుగురికీ కలిపి 200. సీజన్ మొదలయ్యే నవంబర్‌లో చిన్న జట్ల మీద ఆడేటప్పుడు అందులో ఓ పది ఆ కుర్రాడికిస్తే కోచ్ సొమ్మేం పోదు. ఆడనివ్వకపోతే కుర్రాడు వెళ్లిపోతాడు కూడా: ఏడాదిపాటు ఆటకు దూరంగా కూర్చోకుండానే ఒకసారి వేరే కాలేజీ జట్టుకి మారే వీలు 2021లో వచ్చింది. మా రోజుల్లో అలాంటిదుంటే నేను మొదటి సెమిస్టర్‌కే పెట్టె సర్దేసేవాణ్ని.