యేసు తిరిగి లేచాడని క్రైస్తవులు ఎందుకు నమ్ముతారు?

చనిపోయినవాడు లేచాడంటే ఎలా నమ్మడమని పర్లాకిమిడి నుంచి ఒకరు అడిగారు. మాదీ ఆ ఊరే. ఈస్టర్ తెల్లవారుజామున మా పెద్దల సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించేది ఈ నమ్మకంతోనే.

నాకు అన్నిటికన్నా బలంగా తోచేది స్త్రీల సాక్ష్యం. ఖాళీ సమాధిని మొదట చూసింది మగ్దలేనే మరియ, ఆమెతో ఉన్న స్త్రీలు అని సువార్తలు చెబుతాయి. ఆనాటి యూదా సమాజంలో న్యాయసభ ముందు ఆడవారి మాటకు విలువ తక్కువ. కథ అల్లేవారు అలాంటి సాక్షులను ఎంచుకుంటారా? పైగా శిష్యులు ఈ సంగతిని ప్రకటించింది యేసును సిలువ వేసిన యెరూషలేములోనే. మొదట నమ్మని యేసు తమ్ముడు యాకోబు, తొలి క్రైస్తవ సంఘాన్ని హింసించిన పౌలు ఇద్దరూ మారారు. యేసును సిలువ వేసిన సుమారు 25 ఏళ్లకే పౌలు కొరింథు పట్టణపు క్రైస్తవులకు రాస్తూ, 500 మందికి పైగా తిరిగి లేచిన యేసును చూశారనీ, వారిలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారనీ చెప్పాడు.