పిల్లలతో బాగానే ఉంది, పేరెంట్స్ వస్తేనే కాళ్లూ చేతులూ ఆడటం లేదు

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. టీచర్ కావాలన్నది నా కోరిక. ఈ సెలవుల్లో ఒక సమ్మర్ క్యాంప్‌లో ఏడు నుంచి పదేళ్ల పిల్లల గ్రూపు చూసుకుంటున్నాను. పిల్లలతో ఏ ఇబ్బందీ లేదు. సమస్యల్లా వాళ్ల పేరెంట్స్‌తోనే. బాబు మోకాలు గీరుకుపోయిందని ఒకావిడ అందరి ముందూ నా మీద కేకలేశారు. ఒకాయన మధ్యాహ్నం వచ్చి, నేను ఈ అబ్బాయి బాబాయిని, తీసుకెళ్తానన్నారు. పికప్ జాబితాలో మీ పేరు లేదంటే, నన్నే అనుమానిస్తావా అని మండిపడ్డారు. ఆఖరి రోజు నాటికలో మా అమ్మాయికే ముఖ్య పాత్ర ఇవ్వాలని ఇంకొకరు రోజూ మెసేజ్‌లు పెడుతున్నారు. ఎప్పుడు ఎవరు ఏమంటారోనని భయంగా ఉంటోంది. నోట మాట రావడం లేదు. నేను టీచర్ ఉద్యోగానికి పనికిరానేమో?

జవాబు: ముందు ఆ బాబాయి సంగతి మాట్లాడుకుందాం. మీరు రాసిన మూడింటిలో అదే పెద్దది, అందులో మీరు చేసింది నూటికి నూరుపాళ్లూ సరైన పని. ఆయన కోప్పడ్డా పిల్లాణ్ని పంపలేదు. నోట మాట రాలేదని బాధపడుతున్నారు గానీ, చేయాల్సిన పని చేశారు. మాట తర్వాత నేర్చుకోవచ్చు.

ఆయన నిజంగానే బాబాయి కావచ్చు. చుట్టరికం నిజమైనంత మాత్రాన తీసుకెళ్లే అనుమతి ఉన్నట్టు కాదు. తల్లిదండ్రులు విడిపోయి, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో కోర్టు చెప్పిన ఇళ్లుంటాయి. ఆస్తి గొడవలతో మాటలు లేని అన్నదమ్ములుంటారు. అవన్నీ గేటు దగ్గర నిలబడ్డ మీకు తెలిసే దారి లేదు, తెలియాల్సిన అవసరమూ లేదు. అందుకే ఆ జాబితా. "ఈయన మీ బాబాయేనా?" అని పిల్లాణ్ని అడిగి నిర్ణయం తీసుకోకండి. పిల్లాడు గుర్తుపట్టి పరుగెత్తుకొచ్చినా అది అనుమతి కిందకు రాదు. వచ్చినవాళ్లు తమ ఫోన్ మీ చేతికిచ్చి, ఇదిగో వాళ్లమ్మతో మాట్లాడమంటే మాట్లాడకండి. రిజిస్ట్రేషన్ ఫారంలో ఉన్న నంబరుకు క్యాంప్ ఆఫీసు నుంచే ఫోన్ వెళ్లాలి. అంతవరకూ పిల్లాడు లోపల, తన గ్రూపుతోనే ఉండాలి.

అప్పుడు అనాల్సిన మాట ఇదీ: "మీ మాట నమ్మక కాదండీ. జాబితాలో పేరు లేకపోతే ఎవరితోనూ పంపే అధికారం నాకు లేదు. మీరు కూర్చోండి, మా కోఆర్డినేటర్ ఇప్పుడే వాళ్లింటికి ఫోన్ చేస్తారు." దీన్ని ఇంట్లో పైకే నాలుగుసార్లు అనుకోండి. ఎదుటివాళ్లు గొంతు పెంచితే కొత్త కారణాలు వెతక్కండి, అదే మాట అదే స్వరంతో మళ్లీ చెప్పండి. వచ్చినవాళ్లు తాగి ఉన్నారనిపించినా, గేటు దాటి లోపలికి రాబోయినా ఒంటరిగా ఎదురు నిలవొద్దు. వెంటనే కోఆర్డినేటర్‌ని పిలవండి, వాళ్లు వచ్చేదాకా పక్కన ఇంకో సిబ్బంది ఉండాలి.

ఇక మోకాలి గొడవ. ఆవిడకు కోపం తెప్పించింది గీరుడు కాదని నా అభిప్రాయం. పొద్దున తగిలిన దెబ్బను సాయంత్రం తన కళ్లతో తాను చూసేదాకా ఎవరూ చెప్పకపోవడం. దెబ్బ కంటే ముందు కబురు అందాలి. పికప్‌కు వచ్చినప్పుడు పిల్లాడు ఎదురుపడక ముందే మీరు రెండడుగులు ముందుకెళ్లి, ఏం జరిగింది, మేం ఏం చేశాం, ఇప్పుడు ఎలా ఉన్నాడు, ఈ మూడూ చెప్పేస్తే చాలావరకు అక్కడితో అయిపోతుంది. తలకు తగిలిన దెబ్బ మాత్రం వేరు. ఎంత చిన్నదైనా పికప్ దాకా ఆగకూడదు, అప్పుడే ఫోన్ వెళ్లాలి. వాంతులు, ముదురుతున్న తలనొప్పి, తికమక, లేపినా లేవనంత మత్తు లాంటివి కొన్ని గంటల తర్వాత బయటపడొచ్చు. అప్పటికి పిల్లాడు ఇంట్లో ఉంటాడు. దేని కోసం కనిపెట్టి చూడాలో ఇంట్లోవాళ్లకు తెలియాలి కదా.

జరిగినదాన్ని అదే రోజు రిజిస్టర్‌లో రాయండి. చూసింది రాయాలి, అనుకున్నది కాదు. "అల్లరి చేసి పడ్డాడు" అన్నది మీ అభిప్రాయం. "తాడు దాటబోయి పడ్డాడు. ఎడమ మోకాలు గీరుకుంది. 11:20కి సబ్బు నీళ్లతో కడిగి పట్టీ వేశాం" అన్నది జరిగిన విషయం. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే మీ తరఫున మాట్లాడేది ఈ రెండో రకం వాక్యమే. ఇంకో పిల్లాడు తోయడం వల్ల పడ్డాడనుకోండి, ఆ పిల్లాడి పేరు పేరెంట్‌కు చెప్పకండి. ఎంత ఒత్తిడి చేసినా చెప్పకండి. ఆ సాయంత్రం గేటు దగ్గర రెండు కుటుంబాలు తలపడితే ఇద్దరు పిల్లలూ నలిగిపోతారు.

కేకలేస్తున్నవాళ్లను ముందు పిల్లల చెవిన పడనంత పక్కకు తీసుకెళ్లండి. పూర్తిగా చెప్పనివ్వండి. "క్యాంప్ అన్నాక ఇలాంటివి మామూలే" అన్న మాట మాత్రం నోట రానివ్వొద్దు. మీకు మామూలే, వాళ్లకు కాదు. చెప్పడం మరిచిపోయిన మాట నిజమైతే, "మీకు ముందే చెప్పాల్సింది, చెప్పలేదు" అని ఒప్పుకోండి. మీ చేతిలో లేనిదానికి మాటివ్వకండి.

నాటిక విషయం సులువు. పాత్రలు ఎలా ఎంపిక చేస్తారో కోఆర్డినేటర్‌తో అందరు పేరెంట్స్‌కూ ఒకేసారి చెప్పించండి. ఆ మెసేజ్‌లు మీ సొంత నంబరుకే వస్తున్నాయా? అయితే ఈరోజే ఆపండి, క్యాంప్ నంబరుకు పంపమని మర్యాదగా చెప్పండి.

మీరు రాయని రకం పేరెంట్స్ ఇంకొందరున్నారు. గొడవ చేయరు గనక మన దృష్టికి రారు. పొద్దున హడావిడిలో పిల్లాణ్ని దింపుతూ, "కొత్త మందు మొదలుపెట్టాం, కాస్త మగతగా ఉంటాడేమో" అని నడుస్తూనే అనేసి వెళ్లిపోతారు. లేదా వేరుశనగ పడదన్న సంగతి, ఫారంలో రాయనిది, అప్పుడు గుర్తొచ్చి చెబుతారు. మందు సీసా మీ చేతిలో పెట్టేసి వెళ్లబోతారు. అరిచేవాళ్లకంటే ఈ నిమిషంలోనే మీరు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని నేనంటాను. ఆపండి, అక్కడే రాసుకోండి, నర్సుకో కోఆర్డినేటర్‌కో వెంటనే అందించండి. మందు మీరు తీసుకోకండి, వాళ్లను అక్కడికే పంపండి.

రాత్రిళ్లు ఉండే క్యాంప్‌లో ఎప్పుడైనా చేస్తే ఇంకో రకం ఎదురవుతారు. "నచ్చకపోతే ఒక్క ఫోన్ కొట్టు, వచ్చి తీసుకెళ్లిపోతా" అని బిడ్డకు మాటిచ్చి వెళ్లేవాళ్లు. ప్రేమతోనే అంటారు. కానీ ఇంటి బెంగ మీద 2007లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం పత్రిక పీడియాట్రిక్స్‌లో వచ్చిన నివేదిక, ఇలాంటి మాట ఇవ్వొద్దనే తల్లిదండ్రులకు సలహా ఇచ్చింది. నువ్వు ఇక్కడ ఉండలేవు అన్న అర్థం పిల్లలకు అందులో వినిపిస్తుంది. పేరెంట్‌ను తప్పుపట్టకుండా, మొదటి రోజే ఈ విషయం నెమ్మదిగా చెప్పగలిగితే బిడ్డకు ఎంతో మేలు చేసినవాళ్లవుతారు.

వీటన్నిటికంటే ఎక్కువ పనిచేసేది, రోజూ ఒక్కో పిల్లాడి గురించి ఒక నిజమైన సంగతి చెప్పడం. "బాగా ఆడుకున్నాడు" అని ఎవరైనా అంటారు. "ఈరోజు మొదటిసారి భయపడకుండా నీళ్లలో తల ముంచాడు" అని, ఆ పిల్లాణ్ని చూసినవాళ్లే అనగలరు. ఇన్ని రకాల కోపాల వెనక పేరెంట్‌కు ఉన్న ప్రశ్న ఒకటే: ఇంతమందిలో నా బిడ్డను ఎవరైనా చూస్తున్నారా అని. మంచి రోజున దానికి జవాబు మీ నోట విన్నవాళ్లు, చెడ్డ రోజున మీ మాట ఓపికగా వింటారు.

మీరు టీచర్‌గా పనికిరారా అంటే, నేనలా అనుకోవడం లేదు. శిక్షణ ఇవ్వకుండా గేటు దగ్గర నిలబెడితే ఎవరికైనా మాట తడబడుతుంది. ఒకటి మాత్రం దాచను. పేరెంట్స్ లేని పిల్లల ఉద్యోగం దాదాపు లేదు. టీచర్, కోచ్, స్పీచ్ థెరపిస్ట్, పిల్లల వార్డు నర్సు, ఎవరికైనా సగం పని పెద్దవాళ్లతోనే. నేర్చుకున్నాక కూడా అది మీ ప్రాణం తోడేస్తోందనిపిస్తే అప్పుడు పాఠ్యపుస్తకాలు, పిల్లల వీడియో పాఠాలు తయారుచేసే వైపు ఆలోచిద్దాం. ఇప్పుడే వద్దు.

టీచర్ ఇంటర్వ్యూలో "కోపంగా ఉన్న పేరెంట్‌తో ఎలా మాట్లాడతారు?" అని అడగడం మామూలే. మీ దగ్గర సొంత జవాబు ఉంది. బాబాయి సంఘటనను పేర్లు లేకుండా, ఏం జరిగింది, మీరేం చేశారు, తర్వాత ఏమైంది అన్న వరుసలో ఇప్పుడే ఒక పేజీ రాసిపెట్టుకోండి. క్యాంప్ ముగిసేలోపు కోఆర్డినేటర్‌ని అనుభవ పత్రం అడగండి. పిల్లల భద్రత విషయంలో మీరు నియమానికి కట్టుబడ్డ సంగతి అందులో ఒక వాక్యంగా రాయమనండి.