టెక్ సందేహాలు: జిమ్‌లో ఇటాలియన్ మాట్లాడాలంటే ఏ యాప్?

ప్రశ్న: ఇటలీలోని పాదువాలో మాస్టర్స్ చేస్తున్నానండి. ఈమధ్యే జిమ్‌లో చేరాను, ట్రైనర్‌కి ఇంగ్లిష్ అంతంతమాత్రం. డువోలింగో చేస్తున్నా గానీ ఇంకా యాపిల్ తిన్నాను దగ్గరే ఉన్నా, మోకాలు నొప్పి అని చెప్పడం రావట్లేదు. వేరే యాప్ ఏమైనా ఉందా?

జవాబు: ఇంకోటి ఎక్కించుకున్నా అదే కథమ్మా, కోర్సు యాప్‌లు వాటి వరసలోనే వెళ్తాయి, మీకేమో జిమ్ముకి సరిపడా ఓ పాతిక వాక్యాలు చాలు. ఆంకీడ్రాయిడ్ వేస్కోండి, మనమే కార్డులు రాసుకుని గుర్తుపెట్టుకునే యాప్, ఫ్రీనే (ఐఫోన్‌లో అయితే ఆంకీకి డబ్బులు కట్టాలి, వద్దనుకుంటే బ్రౌజర్‌లో ఆంకీవెబ్ ఉంది). కార్డుకి ఒక వైపు "మోకాలు నొప్పెడుతోంది", రెండో వైపు "మీ ఫా మాలే ఇల్ జినొక్కియో". రెండు కాళ్లూ పీకుతుంటే ఫా కాస్తా ఫాన్నో అయిపోతుంది, "మీ ఫాన్నో మాలే లే గాంబే". నడుం పట్టేస్తే "ఓ మాల్ ది స్కియేనా". ట్రైనర్ అనేవి కూడా పెట్టుకోండి, "పియేగా లే జినొక్కియా" అంటే మోకాళ్లు వంచమని, "ఆల్త్సా లే బ్రాచ్చా" అంటే చేతులెత్తమని, ఇన్‌స్పీరా ఎస్‌పీరా అంటే ఊపిరి పీల్చు, వదులు.

కార్డులో ఇటాలియన్ పక్కనే ఉచ్చారణ తెలుగులో రాసుకోండి, జినొక్కియో, బ్రాచ్చో, స్పాల్లా (భుజం) వీటిలో ఒత్తు గట్టిగా పలకాలి, ఇంగ్లిష్ అలవాటులో చదివితే అది జారిపోతుంది, మన లిపిలో అయితే కళ్లముందే ఉంటుంది. ఆడియోకి ఫోర్వో సైట్‌లో అక్కడి వాళ్లు పలికినవి ఉంటాయి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో స్పీకర్ బొమ్మ రెండోసారి నొక్కితే నెమ్మదిగా చదువుతుంది.

ట్రాన్స్‌లేట్‌తో రెండు చికాకులున్నాయి. కాలు నొప్పి అని కొడితే తొడ నుంచి కిందంతా కాలా (గాంబా), పాదమా (పియేదే) దానికి తెలీదు, కాబట్టి మీరే విడమర్చి టైప్ చేయాలి. రెండోది, అలిసిపోయాను అంటే చాలాసార్లు మగవాళ్లు అనే "సోనో స్తాంకో" ఇస్తుంది, అమ్మాయిలు అనాల్సింది స్తాంకా. చీలమండ బెణికినా అంతే, "మీ సోనో స్లొగాతా లా కవీల్యా", అబ్బాయిలైతే స్లొగాతో.

ప్రశ్న: ఇటాలియన్ వర్కౌట్ వీడియో పెడితే యూట్యూబ్‌లో ఇంగ్లిష్ మాటలొస్తున్నాయి, ఏంటి గోల?

జవాబు: ఆటో డబ్బింగ్ అండి. గేర్ బొమ్మ నొక్కి ఆడియో ట్రాక్‌లో ఒరిజినల్ పెట్టండి. స్పీడు 0.75, క్యాప్షన్స్ ఇటాలియన్. వెతికేటప్పుడు ఇంగ్లిష్‌లో కాకుండా "ఎసెర్చీత్సీ పెర్ లా స్కియేనా" అని వాయిస్ సెర్చ్‌ని ఇటాలియన్‌కి మార్చి అడగండి, అసలైన వీడియోలు అప్పుడొస్తాయి, పైగా మీ ఉచ్చారణ ఫోన్‌కి అర్థమైందో లేదో కూడా అక్కడే తేలిపోతుంది.

ప్రశ్న: మా జిమ్ సెల్లార్‌లో ఉంటుంది, సిగ్నల్ సున్నా.

జవాబు: ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ట్రాన్స్‌లేట్‌లో ఇటాలియన్, తెలుగు రెండూ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. అక్కడి జిమ్ముల్లో మామూలుగా చెర్టిఫికాతో మేదికో అని డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతారు, ఆ కాగితాలు కెమెరా మోడ్‌తో చదువుకోవచ్చు, కాకపోతే సంతకం పెట్టేముందు క్లాస్‌మేట్‌కి ఒకసారి చూపించండి.