పడవ అమ్మి కొడుకింటికి వెళ్లాలా?

ప్రశ్న: నా వయసు 71. నా భార్య పోయాక అద్దె ఇల్లు వదిలేసి, రిటైర్మెంట్ డబ్బుతో 57 అడుగుల నారోబోట్ (కాలువల్లో తిరిగే సన్నటి ఇనప పడవ) కొనుక్కున్నాను. 1998లో కట్టిన పడవ. ఇంగ్లండ్‌లోని వార్విక్‌షైర్‌లో గ్రాండ్ యూనియన్ కాలువ మీద తిరుగుతూ అందులోనే ఉంటున్నాను. స్టేట్ పెన్షన్ వారానికి 185 పౌండ్లు, బ్యాంకులో 14,000 ఉన్నాయి. మోకాళ్లు సహకరించడం లేదు. పక్క పడవ మిత్రుడు లాకులు (పడవని ఎత్తుపల్లాలు దాటించే కాలువ గేట్లు) తీసి, బొగ్గు మోసి పెడుతున్నాడు. పడవ అమ్మితే ఖర్చులు పోను 42,000 చేతికొస్తుంది. అది పెట్టి తన ఇంటికి ఒక గది కట్టిద్దామని, వచ్చి తనతోనే ఉండమని మాంచెస్టర్‌లో ఉన్న మా అబ్బాయి అంటున్నాడు. అమ్మాయి హైదరాబాద్ వచ్చేయమంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మకం మాట ఇప్పటికి పక్కన పెట్టండి. మీ అబ్బాయి మంచి మనసుతోనే అడుగుతున్నాడు, కానీ అతను చెప్పిన వరసలో చేస్తే నష్టపోయేది మీరే. మీరు అందులో నివసిస్తున్నంతకాలం ఆ పడవ మీ ఇల్లు. తక్కువ ఆదాయం ఉన్న వృద్ధులకు ప్రభుత్వం కలిపి ఇచ్చే పెన్షన్ క్రెడిట్ లెక్కలో దాని విలువ చూడరు. అమ్మారంటే అది నగదు, నగదును చూస్తారు.

మీ ఉత్తరంలో పెన్షన్ క్రెడిట్ ఊసే లేదు కాబట్టి అడగలేదనే అనుకుంటున్నాను. 2025-26 రేట్ల ప్రకారం చూద్దాం, ఇవి ఏటా ఏప్రిల్‌లో మారతాయి. ఒంటరి వ్యక్తికి వారానికి 227.10 పౌండ్ల కనీస ఆదాయం ఉండాలి. పొదుపులో మొదటి 10,000 వదిలేసి, ఆపైన ప్రతి 500కి వారానికి ఒక పౌండు ఆదాయం వస్తున్నట్టు లెక్కగడతారు. మీ 14,000కి 8 పౌండ్లు. 185కి 8 కలిపితే 193. అంటే వారానికి 34.10 మీకు రావలసిన డబ్బు. అర్హత ఉంటే మూడు నెలల వెనకటి బకాయి కూడా ఇస్తారు. మన దేశంలో స్థలం, ఇల్లు, ఉమ్మడి ఆస్తిలో వాటా ఏదున్నా దరఖాస్తులో తప్పక చెప్పండి. అవీ పొదుపు కిందికే వస్తాయి, దాస్తే తరవాత తిరిగి కట్టాల్సి వస్తుంది.

అసలు పెద్ద మొత్తం మరో చోట ఉంది. మీ మోకాళ్ల పరిస్థితికి అటెండెన్స్ అలవెన్స్, అంటే రోజువారీ పనులకు మరొకరి సాయం కావలసిన వృద్ధులకు ఇచ్చే భత్యం, వచ్చే అవకాశం ఉంది. ఆదాయంతో, పొదుపుతో దానికి సంబంధం లేదు, పన్నూ లేదు. 2025-26లో చిన్న రేటు వారానికి 73.90. అయితే లాకు గేటు తోయలేకపోవడం, బొగ్గు బస్తా ఎత్తలేకపోవడం ఇందులో లెక్కకు రావు. స్నానం, బట్టలు వేసుకోవడం, మంచం మీంచి లేవడం, టాయిలెట్‌కి వెళ్లడం, వీటికి ఆరు నెలలుగా మరొకరి సాయం అవసరమవుతోందా అన్నదే చూస్తారు. సాయం దొరుకుతోందా లేదా అని కాదు, అవసరం ఉందా అని. మనవాళ్లు చాలామంది ‘ఏదోలా నెట్టుకొస్తున్నాను’ అని రాసేస్తారు. దరఖాస్తు తిరిగొచ్చేది అక్కడే. సాక్సు తొడుక్కోవడానికి ఎంతసేపు పడుతోంది, రాత్రి ఎన్నిసార్లు దేన్ని పట్టుకుని లేస్తున్నారు, నెలలో ఎన్ని రోజులు అసలు వంగలేకపోతున్నారు, అలా విడమరిచి రాయండి. ఫారం ఫోన్ చేసి తెప్పించుకుని ఆరు వారాల్లోగా పంపితే, ఫోన్ చేసిన రోజు నుంచే డబ్బు లెక్కిస్తారు. నింపడానికి వృద్ధుల సేవా సంస్థ ఏజ్ యూకే వాళ్లు సాయం చేస్తారు.

ఈ అలవెన్స్ వచ్చి, మీరు ఒంటరిగా ఉంటుంటే, పెన్షన్ క్రెడిట్‌లో తీవ్ర వైకల్యం కింద మరో 82.90 కలుస్తుంది. అప్పుడు పెన్షన్ క్రెడిట్ వారానికి 117, అలవెన్స్ 73.90, మొత్తం 190.90. మీ ఆదాయం రెట్టింపు దాటుతుంది.

ఇప్పుడు మీ అబ్బాయి మాట ప్రకారం చేస్తే ఏమవుతుందో చూడండి. సంపాదించే వయసున్న కొడుకుతో కలిసి ఉంటారు కాబట్టి ఆ 82.90 పోతుంది. చేతిలో 56,000 ఉంటుంది కాబట్టి వారానికి 92 పౌండ్ల ఆదాయం ఉన్నట్టు లెక్కేస్తారు. 185, 92 కలిపి 277, పెన్షన్ క్రెడిట్ సున్నా. అంటే ఏడాదికి 6,000 పౌండ్ల పైచిలుకు వదులుకున్నట్టు. డబ్బు గది కట్టడానికి ఇచ్చేశాను, నా దగ్గర లేదు అన్నా, సాయం కోసమే వదిలించుకున్నారని అధికారులు భావిస్తే అది మీ దగ్గరే ఉన్నట్టు లెక్కగడతారు. రేపు కేర్ హోమ్ అవసరమైతే కౌన్సిల్ కూడా ఇదే అడుగుతుంది.

మీకు మోకాళ్లే సమస్య అయితే ముందు తిరగడం తగ్గించుకోండి. మూరింగ్ (పడవ కట్టేసుకునే సొంత చోటు) లేని పడవ ఒకచోట 14 రోజులకు మించి ఉండకూడదని 1995 నాటి చట్టం. హాటన్‌లో 21 లాకులు మోకాళ్ల నొప్పితో ఎక్కడం మాటలు కాదు. డాక్టర్ ఉత్తరం జతచేసి, 2010 ఈక్వాలిటీ యాక్ట్ కింద ఆ గడువు సడలించమని కాలువలు నిర్వహించే కెనాల్ అండ్ రివర్ ట్రస్టుకి రాయండి. ఈలోగా నివాసానికి అనుమతి ఉన్న మూరింగ్ వెతకండి. పెన్షన్ క్రెడిట్‌లోని గ్యారంటీ భాగం (పైన లెక్కగట్టిన, కనీస ఆదాయానికి తక్కువైనది పూడ్చే భాగం) వస్తుంటే, మూరింగ్ అద్దెకి కౌన్సిల్ నుంచి హౌసింగ్ బెనిఫిట్ అడగవచ్చు. మూరింగ్ లేకుండా తిరిగే పడవల లైసెన్సు మీద 2024 నుంచి ఏటా పెరుగుతున్న అదనపు రుసుమూ తప్పుతుంది. నివాస మూరింగ్ అయితే కౌన్సిల్ టాక్స్ పడవచ్చు, కానీ గ్యారంటీ భాగం వచ్చేవాళ్లకు దాని మీదా రాయితీ ఉంటుంది.

మూరింగ్‌కి సంతకం పెట్టే ముందు పడవని నీళ్లలోంచి బయటికి తీయించి సర్వే చేయించండి. ఆ కాలపు పడవలకు సాధారణంగా అడుగు రేకు 10 మిల్లీమీటర్లు, పక్కలు 6, పైన క్యాబిన్ 4. నీటి కింద రేకు 4 కంటే పలచబడితే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు పూర్తి కవర్ ఇవ్వవు, పైన మరో రేకు వెల్డ్ చేయమంటాయి. దానికి వేలల్లో అవుతుంది. అలా తేలితే మాత్రం నేను పైన చెప్పిందంతా మళ్లీ ఆలోచించాలి. రేకు బాగుండి, మెరీనాలో ఒడ్డు కరెంటు తగిలించుకోబోతుంటే గాల్వానిక్ ఐసోలేటర్ తప్పక పెట్టించండి. అది లేకపోతే పక్క పడవలతో ఎర్త్ తీగ కలిసి, ముందు మీ ఆనోడ్లు (రేకుని కాపాడటానికి తగిలించే లోహపు ముక్కలు), ఆ తరవాత రేకు కరిగిపోతాయి.

మీ మిత్రుడికి దారి ఖర్చులకో, డీజిల్‌కో ఇవ్వడంలో తప్పు లేదు. కానీ అతను మీ పేరు మీద కేరర్స్ అలవెన్స్ (మిమ్మల్ని చూసుకుంటున్నందుకు ప్రభుత్వం ఇచ్చే భత్యం) తీసుకుంటే మీ 82.90 ఆగిపోతుంది, ఆ సంగతి ముందే మాట్లాడుకోండి. పడవ అతను నడుపుతుంటే ఇన్సూరెన్స్ ఒప్పుకుంటుందో లేదో కూడా చూసుకోండి.

అబ్బాయి దగ్గర ఉండి చూడాలనుంటే ఈ చలికాలం వెళ్లండి, 13 వారాల లోపు. పడవకి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా శీతాకాలపు మూరింగ్ తీసుకోండి. వెళ్లేముందు పంపు ఆపి, వేడినీళ్ల ట్యాంకు, పైపులు ఖాళీ చేసి, కుళాయిలు తెరిచే ఉంచండి. లేదంటే గడ్డకట్టి కీళ్ల దగ్గర పగులుతాయి. కోడలితో, పిల్లలతో రోజూ ఎలా గడుస్తుందో అప్పుడు అందరికీ తెలుస్తుంది. అప్పటికీ గది కట్టాలనే అనుకుంటే, మీకంటూ వేరే సొలిసిటర్‌ని పెట్టుకుని మీ డబ్బుకి ఆ ఇంట్లో ఎంత వాటా అన్నది రాయించుకోండి. ఇది కొడుకు మీద అపనమ్మకం కాదు. అతనికి ఏమైనా జరిగినా, ఇల్లు అమ్మాల్సి వచ్చినా కోడలికీ మీకూ మధ్య మాట రాకుండా ఉంటుంది.

హైదరాబాద్ విషయం. నాలుగు వారాలకు మించి ఉంటే మామూలుగా పెన్షన్ క్రెడిట్ ఆగిపోతుంది, కాబట్టి టికెట్లు ఆ లోపు తిరిగొచ్చేలా తీసుకోండి. పూర్తిగా వెళ్లి స్థిరపడితే స్టేట్ పెన్షన్ వస్తుంది గానీ, వెళ్లిన నాటి రేటు దగ్గరే ఆగిపోతుంది. ఇండియాలో ఉన్నవాళ్లకి ఏటా పెంపు లేదు. అమ్మాయికి ఇది వివరంగా చెప్పండి.

ఈ వారంలో చేయాల్సినవి రెండు ఫోన్లు: ముందు అటెండెన్స్ అలవెన్స్ ఫారానికి, తరవాత పెన్షన్ క్రెడిట్‌కి. సర్వే రిపోర్టు చేతికొచ్చాక రేకు మందం అంకెలతో మళ్లీ రాయండి.