నక్షత్రాలు లేని గెలాక్సీలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: గెలాక్సీ అంటే కోటానుకోట్ల నక్షత్రాల సమూహమని చదువుకున్నాం. నక్షత్రాలే లేని గెలాక్సీల కోసం శాస్త్రవేత్తలు రేడియో టెలిస్కోపులతో వెతుకుతున్నారని ఈ మధ్య చదివాను. వెలుగే లేనిదాన్ని ఎలా పట్టుకుంటారు? నక్షత్రాలు లేనప్పుడు దాన్ని గెలాక్సీ అనడం ఎలా కుదురుతుంది?

జవాబు: మీరు అడిగిన రెండింటిలో మొదటిదానికి జవాబు సులువు, రెండవది కష్టం. అందుచేత సులువైనదానితోనే మొదలుపెడతాను.

విశ్వంలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్న మూలకం హైడ్రోజన్. దాని పరమాణువులో ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్ ఉంటాయి. ఈ రెండింటికీ స్పిన్ అనే గుణం ఉంటుంది. రెండు స్పిన్‌లూ ఒకే దిశలో ఉన్నప్పుడు పరమాణువు శక్తి కాస్త ఎక్కువగానూ, ఎదురు దిశల్లో ఉన్నప్పుడు కాస్త తక్కువగానూ ఉంటుంది. మొదటి స్థితి నుంచి రెండవ స్థితికి మారేటప్పుడు ఆ కాస్త తేడా 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం గల రేడియో తరంగంగా బయటికి వస్తుంది. దాని పౌనఃపున్యం సుమారు 1420 మెగాహెర్ట్జ్. ఒంటరిగా వదిలేసిన ఒక పరమాణువులో ఈ మార్పు తనంతట తాను జరగడానికి సగటున కోటి సంవత్సరాలకు పైగా పడుతుంది. అయితే ఒక వాయు మేఘంలోని పరమాణువుల సంఖ్య మన ఊహకు అందనంత పెద్దది కనుక, ఏ క్షణంలో చూసినా వాటిలో కొన్ని ఈ తరంగాన్ని వెలువరిస్తూనే ఉంటాయి. ఇటువంటి సంకేతం వస్తుందని 1944లో హెండ్రిక్ వాన్ డె హుల్స్ట్ లెక్క కట్టగా, 1951లో హార్వర్డ్‌లో హెరాల్డ్ ఈవెన్, ఎడ్వర్డ్ పర్సెల్ కిటికీ బయట అమర్చిన కొమ్ము ఆకారపు యాంటెన్నాతో దాన్ని మొదటిసారి అందుకున్నారు.

ఈ సంకేతం వాయువు ఉనికిని చెప్పడంతోనే ఆగిపోదు. వాయువు మన నుంచి దూరంగా జరుగుతూ ఉంటే డాప్లర్ ప్రభావం వల్ల పౌనఃపున్యం తగ్గుతుంది కనుక, ఎంత తగ్గిందో చూసి దాని వేగాన్నీ, ఆ వేగం నుంచి విశ్వ విస్తరణ లెక్క ప్రకారం సుమారు దూరాన్నీ తెలుసుకోవచ్చు. వాయువు పళ్లెంలా తిరుగుతూ ఉంటే ఒక పక్క మన వైపు వస్తూ, మరొక పక్క వెనక్కి పోతూ ఉండడం వల్ల సంకేతం వెడల్పై, తరచుగా రెండు శిఖరాలతో కనిపిస్తుంది. ఆ వెడల్పే భ్రమణ వేగానికి కొలత. వాయువు అంత వేగంగా తిరుగుతూ కూడా చెదిరిపోకుండా నిలవాలంటే దాన్ని పట్టి ఉంచే ద్రవ్యరాశి ఎంత ఉండాలో న్యూటన్ సూత్రాలతోనే లెక్క వేయవచ్చు.

మీ రెండవ సందేహానికి ఆధారం ఇక్కడే ఉంది. మన పాలపుంతలోనైనా నక్షత్రాలూ వాయువూ కలిసి మొత్తం ద్రవ్యరాశిలో చిన్న భాగమే. మిగిలినదంతా కంటికి కనిపించని, గురుత్వాకర్షణ ద్వారానే ఉనికి తెలిసే కృష్ణ పదార్థం. గెలాక్సీని గెలాక్సీగా నిలబెట్టేది ఆ కృష్ణ పదార్థపు ముద్ద అయినప్పుడు, అందులో నక్షత్రాలు వెలగకపోయినంత మాత్రాన అది గెలాక్సీ కాకుండా పోదనేది ఈ రంగంలో పనిచేసేవారి వాదం. దీపం పెట్టని ఇల్లు కూడా ఇల్లే కదా. నేను ఈ వాదాన్ని ఒప్పుకుంటాను, కాని ఒక షరతు మీద: ఆ వాయువును దాని సొంత ముద్దే పట్టి ఉంచుతోందని రుజువు కావాలి. అసలు చిక్కంతా ఆ రుజువు దగ్గరే.

ప్రశ్న: ఇంతవరకు అటువంటి గెలాక్సీ ఒక్కటైనా దొరికిందా? దొరికిందని ఒకసారి, కాదని మరొకసారి వార్తలు వస్తుంటాయి.

జవాబు: మీరు గమనించింది నిజమే. అలా జరగడానికి కారణం శాస్త్రవేత్తల తొందరపాటు ఒక్కటే కాదు. రెండు గెలాక్సీలు దగ్గరగా దాటిపోయేటప్పుడు గురుత్వాకర్షణ వల్ల వాటి అంచుల్లోని హైడ్రోజన్ లాగబడి, లక్షల కాంతి సంవత్సరాల పొడవున తోకలా సాగుతుంది. ఆ తోకలో అక్కడక్కడా వాయువు చిక్కబడిన చోట్లు రేడియో టెలిస్కోపుకు అచ్చంగా నక్షత్రాలు లేని గెలాక్సీలాగే కనిపిస్తాయి.

ఈ కథంతటికీ మంచి ఉదాహరణ విర్గోహెచ్‌ఐ21. కన్యారాశి దిశలో సుమారు 5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గెలాక్సీల గుచ్ఛంలో, బ్రిటన్‌లోని జోడ్రెల్ బ్యాంక్‌లో ఉన్న 76 మీటర్ల లవెల్ టెలిస్కోపు దీన్ని పసిగట్టింది. సూర్యుడి ద్రవ్యరాశికి సుమారు 10 కోట్ల రెట్ల హైడ్రోజన్ అక్కడ ఉంది. సంకేతం వెడల్పు సెకనుకు 200 కిలోమీటర్లకు పైగా ఉండడంతో, ఇది తిరుగుతున్న వాయువే అయితే ఒక పెద్ద గెలాక్సీకి సరిపడా కృష్ణ పదార్థం అక్కడ ఉండాలని, ఇదే మొదటి చీకటి గెలాక్సీ అని దాన్ని కనుగొన్నవారు 2005లో ప్రకటించారు. ఆ తరువాత ప్యూర్టోరికోలోని అరెసీబోలో ఉన్న 305 మీటర్ల టెలిస్కోపుతో మార్తా హేన్స్, రికార్డో జొవనెల్లి బృందం అదే ప్రాంతాన్ని మరింత విస్తారంగా పరిశీలించింది. 2007లో వారు చూపిన చిత్రంలో విర్గోహెచ్‌ఐ21 ఒంటరి మేఘం కాదు. ఎం99 అనే సర్పిలాకార గెలాక్సీ నుంచి సుమారు 8 లక్షల కాంతి సంవత్సరాల పొడవున సాగిన వాయు తోకలో ఒక భాగం. ఎం99 సర్పిల భుజాల్లో ఒకటి మాత్రమే అసహజంగా సాగి ఉండడం కూడా అది ఏదో పెద్ద గెలాక్సీ తాకిడికి లోనయిందనడానికి సాక్ష్యమే. వేగంగా దాటిపోయిన గెలాక్సీ ఇటువంటి తోకనూ, అందులో భ్రమణంలా భ్రమింపజేసే వేగాల తేడానూ సృష్టించగలదని 2008లో కంప్యూటర్ నమూనాలు చూపాయి. కనుగొన్నవారు తమ వాదాన్ని సమర్థించుకుంటూనే వచ్చినా, దాన్ని చీకటి గెలాక్సీగా లెక్కించేవారు ఇప్పుడు తక్కువ.

పెద్ద సర్వేల ఫలితాలు కూడా జాగ్రత్తనే నేర్పుతున్నాయి. ఆస్ట్రేలియాలోని 64 మీటర్ల పార్క్స్ టెలిస్కోపు దక్షిణాకాశంలో 4,315 హైడ్రోజన్ మూలాలను నమోదు చేసింది. వాటిలో నక్షత్రాలు లేని ఒంటరి గెలాక్సీ ఒక్కటి కూడా రూఢి కాలేదు. అరెసీబో సర్వే 31 వేలకు పైగా మూలాలను పట్టికలో చేర్చింది. వాటిలోనూ దృశ్య కాంతి చిత్రాల్లో అదే చోట గెలాక్సీ కనిపించనివి చాలా కొద్ది, ఆ కొద్దిలోనూ ఎక్కువ భాగం ఏదో ఒక గెలాక్సీకి పొరుగునే ఉన్నాయి. పార్క్స్ ఒక్కసారికి చూసే ఆకాశపు ముక్క పౌర్ణమి చంద్రుడి వెడల్పులో దాదాపు సగం ఉంటుంది. అంత చోటులో మసక గెలాక్సీలు ఎన్నో ఉండవచ్చు కనుక, సంకేతం వాటిలో దేనిదో తేల్చాలంటే అనేక డిష్‌లు కలిసి ఒకే టెలిస్కోపులా పనిచేసే వ్యవస్థతో మళ్లీ చూడవలసి వస్తుంది.

ఇక ఒంటరిగా ఉన్న రెండు మూలాలను ప్రత్యేకంగా చెప్పాలి. చైనాలోని 500 మీటర్ల ఫాస్ట్ టెలిస్కోపు 9 కోట్ల కాంతి సంవత్సరాలకు పైబడిన దూరంలో కనుగొన్న మేఘాన్ని 2023లో ప్రకటించారు. ఇందులో సూర్యుడికి 8 కోట్ల రెట్లకు పైగా హైడ్రోజన్ ఉన్నా, అందుబాటులో ఉన్న చిత్రాల్లో నక్షత్రాల జాడ లేదు. రెండవది 2024 జనవరిలో కారెన్ ఓనీల్ ప్రకటించిన జె0613+52. అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ టెలిస్కోపును పొరపాటు నిర్దేశాంకాల వైపు తిప్పడం వల్ల ఇది దొరికింది. సుమారు 27 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, సూర్యుడికి 200 కోట్ల రెట్ల హైడ్రోజన్‌తో, భ్రమణపు ఆనవాళ్లతో, పొరుగు గెలాక్సీ ఏదీ లేకుండా ఇది కనబడింది. తోక అనడానికి పక్కన గెలాక్సీ లేకపోవడమే దీని బలం. అయితే ఇప్పుడున్న చిత్రాల్లో నక్షత్రాలు కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. చాలా లోతైన చిత్రాలు తీసిన తరువాత కూడా ఏమీ కనబడనప్పుడే నేను దాన్ని నక్షత్రాలు లేని గెలాక్సీ అంటాను.

ప్రశ్న: ఆ వాయువు మన పాలపుంతకే చెందిన మేఘం కావచ్చు కదా?

జవాబు: కావచ్చు. సంకేతం చూపే వాయువు వేగం సెకనుకు వేల కిలోమీటర్లు ఉంటే ఆ అనుమానం ఉండదు. వందల్లో ఉంటే మాత్రం తప్పకుండా అనుమానించాలి. 1963లో గుర్తించిన స్మిత్ మేఘం నక్షత్రాలు లేని విఫల గెలాక్సీ కావచ్చునని కొందరు భావించారు. హబుల్ టెలిస్కోపు అందులోని గంధకాన్ని కొలిచినప్పుడు అది పాలపుంత బయటి అంచుల్లో ఉన్నంత మోతాదులోనే ఉందని తేలింది. గంధకం నక్షత్రాల్లో తయారయ్యేది కనుక, నక్షత్రాలే లేని మేఘంలో అంత ఉండదు. అంటే ఆ వాయువు మన గెలాక్సీ నుంచి వెళ్లి, తిరిగి వస్తున్నదే.

ప్రశ్న: అంత హైడ్రోజన్ ఉండి కూడా నక్షత్రాలు ఎందుకు పుట్టవు?

జవాబు: వాయువు ఎంత ఉందన్నదాని కంటే ఎంత చిక్కగా ఉందన్నది ముఖ్యం. నక్షత్రం పుట్టాలంటే వాయువు చల్లబడి, పరమాణువులు అణువులుగా కలిసి, తన బరువుకు తానే కుంగిపోవాలి. విశాలమైన పళ్లెంలో పలచగా పరుచుకుని తిరుగుతున్న వాయువుకు ఆ దశ రాకపోవచ్చు.

చిన్న ముద్దల విషయంలో కారణం వేరు. విశ్వం వయసు వంద కోట్ల సంవత్సరాలు నిండే లోపల తొలి నక్షత్రాల, గెలాక్సీల అతినీలలోహిత కాంతి అంతటా ఉన్న హైడ్రోజన్‌ను సుమారు పది వేల డిగ్రీలకు వేడెక్కించింది. మరీ తేలికైన కృష్ణ పదార్థపు ముద్దలు ఆ వేడి వాయువును పట్టి ఉంచలేకపోయాయి. బరువైనవి పట్టి ఉంచి నక్షత్రాలను కన్నాయి. ఈ రెండింటికీ నడుమ, వాయువును నిలుపుకొని కూడా నక్షత్రాలను పుట్టించలేని ఒక సన్నని శ్రేణి ఉండాలని సిద్ధాంతం చెబుతుంది. కంప్యూటర్ నమూనాల్లో చిన్న ముద్దలు, ఆకాశంలో మనకు కనిపించే మరుగుజ్జు గెలాక్సీల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా వస్తాయి కనుక, వాయువు మిగుల్చుకున్న చీకటి ముద్ద ఒక్కటి దొరికినా ఆ సిద్ధాంతానికి నేరుగా పరీక్ష అవుతుంది. నాకు ఈ వెతుకులాటలో అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఇదే.

ఎం94 గెలాక్సీ సమీపంలో, సుమారు 1.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఫాస్ట్ కనుగొన్న క్లౌడ్-9 ఆ శ్రేణికి చెందినదని భావిస్తున్నారు. దాని వేగం ఎం94 వేగంతో సరిపోతోంది. ఆకారం దాదాపు గుండ్రం. హైడ్రోజన్ సూర్యుడికి పది లక్షల రెట్లు. దూరం తక్కువ కనుక విడివిడి నక్షత్రాలను సైతం చూడగల హబుల్‌ను అటు తిప్పినా అక్కడ నక్షత్రాల సమూహమేదీ కనబడలేదు. అయితే పక్కనే ఎం94 ఉంది కనుక, విర్గోహెచ్‌ఐ21కు పట్టిన గతి దీనికి పట్టదని చెప్పడానికి, ఆ మేఘపు అంచుల్లో వాయువు ఎటైనా లాగబడుతోందేమో డిష్‌ల వరుసలతో ఇంకా నిశితంగా చూడవలసి ఉంది.